ఎవరి ఉప్పు తింటున్నది పట్నం?

"రాష్ట్రాన్ని సాకుతున్నది హైదరాబాదే." ఈ మాట అసెంబ్లీలో వినపడ్తది, టీవీ చర్చల్లో వినపడ్తది, రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ఇంకో తీరుగ వినపడ్తది. ఏ ప్రభుత్వం వచ్చినా మారని మాట ఇదొక్కటే. పట్నం సంపాదిస్తది, పల్లెలు తింటయి. పట్నం ఇస్తది, జిల్లాలు పుచ్చుకుంటయి. వింటూ వింటూ మనకు కూడా అలవాటైంది. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు నుంచి పోయి పట్నంలో స్థిరపడ్డవాళ్ళే ఇప్పుడు ఈ మాట అందరికన్న గట్టిగ అంటున్నరు.

రాబడి లెక్కల వరకే చూస్తే అది అబద్ధం కాదు. జీఎస్టీ, రిజిస్ట్రేషన్లు, మద్యం మీద పన్ను, అన్నీ హైదరాబాదు చుట్టుపక్కలే ఎక్కువ. కానీ రాబడి లెక్క ఎక్కడ రాస్తరు? బిల్లు కోసిన చోట రాస్తరు. కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్ అమ్ముడుపోతే స్టాంపు డ్యూటీ రంగారెడ్డి జిల్లా పద్దులో పడ్తది. ఆ పిల్లర్లల్ల పోసిన మానేరు ఇసుక, లిఫ్టును నడిపే రామగుండం కరెంటు, నల్లాలో వచ్చే గోదావరి నీళ్ళు ఆ పద్దులో కనపడవు. తెచ్చిన చోట మాత్రం కనపడ్తయి. అక్కడ అవి గుంతలై, దిబ్బలై, ఎండిన బాయిలై ఉంటయి. రూపాయల పద్దు ఒక్కటే రాసి, టన్నుల పద్దు రాయకుండా ఎవరు ఎవరిని సాకుతున్నరని తీర్పు చెప్పడం అన్యాయం.

టన్నుల పద్దు రాయొచ్చని 1965లోనే ఏబెల్ వోల్మన్ అనే అమెరికా ఇంజనీరు చూపించిండు. 'నగరాల జీవక్రియ' అన్న వ్యాసంలో ఆయన పది లక్షల జనాభా ఉన్న ఒక ఊహా నగరాన్ని తీసుకున్నడు. రోజుకు 6,25,000 టన్నుల నీళ్ళు, 2,000 టన్నుల తిండి, 9,500 టన్నుల ఇంధనం లోపలికి పోతయి. 5,00,000 టన్నుల మురుగు, 2,000 టన్నుల చెత్త, 950 టన్నుల గాలి కాలుష్యం బయటికొస్తయి. నగరం కూడా ఒక ఒళ్ళే. తింటది, తాగుతది, విసర్జిస్తది. అంతకు వందేండ్ల ముందే మార్క్స్ ఇంకో మాట అన్నడు. నేలలో పుట్టింది పట్నం పోతున్నది కానీ తిరిగి నేలకు రావడం లేదు, మనిషికీ నేలకూ నడుమ పుట్టిన ఈ చీలిక పెట్టుబడి చేసిన గాయం అని. లండన్ మలం థేమ్స్‌ల కలుస్తుంటే ఇంగ్లండ్ పొలాలు ఎరువు లేక ఎండిపోవడం ఆయన కండ్ల ముందటి సంగతి.

మన కండ్ల ముందటి సంగతి చూద్దాం.

నీళ్ళు

మంచిర్యాలకూ రామగుండానికీ నడుమ గోదావరి మీద ఎల్లంపల్లి బరాజు ఉన్నది. అది 20 టీఎంసీలు పట్టే జలాశయం. అందులో 10 టీఎంసీలు హైదరాబాదు తాగునీటికి రాసిపెట్టిండ్రు. 2015 చివర నుంచి ముర్మూరు దగ్గర ఎత్తిపోసిన నీళ్ళు బొమ్మకల్, మల్లారం, కొండపాక మీదుగ ఘన్‌పూర్ దాకా దాదాపు 186 కిలోమీటర్లు పైపులల్ల పోతున్నయి. మొదటి దశకే రోజుకు 172 మిలియన్ గ్యాలన్లు, అంటే దగ్గర దగ్గర 78 కోట్ల లీటర్లు.

ఈ నీళ్ళు వాటంతట అవి పారవు. ఎల్లంపల్లిలో నిండు నీటి మట్టం సముద్రం మీద 148 మీటర్లు, హైదరాబాదు ఉన్నది 500 మీటర్ల పైన. రేయింబవళ్ళు మోటర్లు నడవాలె. ఆ మోటర్లకు కరెంటు కావాలె, కరెంటుకు బొగ్గు కావాలె. గ్రిడ్డుల పడ్డ కరెంటుకు ఊరుపేరు ఉండదు, నిజమే. కానీ నీళ్ళు తోడే చోటి నుంచి కనపడే పొగగొట్టాలు ఎక్కడివో అక్కడోళ్ళకు ఒకలు చెప్పాల్సిన పని లేదు. నీళ్ళూ ఇక్కడియే, వాటిని ఎత్తు ఎక్కించే బొగ్గూ ఇక్కడిదే.

పోయిన నీళ్ళు ఏమైతున్నయి? హైదరాబాదు వాటిని తాగి, కడిగి, మురుగు చేసి మూసీలకు వదుల్తది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణల కలుస్తది. గోదావరి నుంచి పోయిన చుక్క మళ్ళ గోదావరికి రాదు. ఒక నది నీళ్ళు మురుగై ఇంకో నదిల పడ్తున్నయి. నడుమ నల్లగొండ రైతు ఆ మురుగుతోనే వరి, గడ్డి పండిస్తున్నడు. మార్క్స్ చెప్పిన చీలికకు ఇంతకన్న మంచి బొమ్మ గీయలేము.

"పల్లెలకు మిషన్ భగీరథ ఇచ్చినం గదా" అంటరు. ఇచ్చిండ్రు, మంచిదే. కానీ ఆ పథకం రాసుకున్న కొలత చూడండి. పల్లెల మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల 135, కార్పొరేషన్ల 150. పొద్దంత చెమటోడ్చి, పశువులను కడిగి, ఎండల పనిచేసే మనిషికి తక్కువ చాలునట. ఏసీ గదిల కూసునేటాయనకు ఎక్కువ కావాలెనట. ఇది ఎవరో నోరుజారి అన్న మాట కాదు, ప్రభుత్వం కాగితం మీద పెట్టిన కొలత. 2021 జనవరి నుంచి హైదరాబాదులో ఒక్కో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం. పైపులైను పక్కన ఉన్న ఊరికి ఆ పైపుల నీళ్ళు కావాలంటే మాత్రం ఎవరెవరికి దరఖాస్తు పెట్టుకోవాల్నో అడుగుండ్రి.

ఇంతతోటి ఆగలేదు. 2025 సెప్టెంబరులో రెండో, మూడో దశలకు శంకుస్థాపన అయింది. ఈసారి మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు. అందులో కొంత తాగడానికి కూడా కాదు, జంట జలాశయాల మీదుగ మూసీని పారించడానికి. పట్నం తన నదిని తనే చంపుకున్నది. ఇప్పుడు దాన్ని బతికిచ్చి చూపెట్టడానికి ఇంకో నదిని అడుగుతున్నది. మల్లన్నసాగర్ కింద మునిగిన వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ ఊళ్ళు ఇంతకు ముందు "రైతుల సాగునీటి" పేరు మీద మునిగినయి. ఇప్పుడు ఆ నీళ్ళు రివర్ ఫ్రంట్ పక్కన నడిచేటోళ్ళకు చల్లగాలి కావాలె.

మిడ్ మానేరు కింద మునిగిన కొదురుపాక, వరదవెల్లి, అనుపురం, సంకెపల్లి, చీర్లవంచ, చింతలఠాణ జనం ఏండ్ల తరబడి పరిహారం కోసం ధర్నాలు చేసిండ్రు. వాళ్ళను "ప్రాజెక్టులకు అడ్డం పడుతున్నరు" అన్నోళ్ళు ఎవరో ఒక్కసారి యాది చేసుకోండి. అడ్డం పడింది నీళ్ళకు కాదు, తమ ఊరు లెక్కల లేకుండ పోవడానికి.

బొగ్గు

సింగరేణిని తెలంగాణ కొంగుబంగారం అని పాటలల్ల పాడుకున్నం. 1990ల మొదట్ల లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చిండ్రు. బొగ్గు తగ్గిందా? లేదు, పెరిగింది. 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. మనిషి భూమి లోపలికి దిగి తవ్విన బాయిలు మూతపడి, పైనుంచి పొరలు పొరలుగ చెక్కే ఓపెన్ కాస్టులు వచ్చినయి. ఇప్పుడు బొగ్గుల ఎక్కువ పాలు వాటి నుంచే. బాయికి ఊరు పైన ఉంటది, మనుషులు కింద పనిచేస్తరు. ఓపెన్ కాస్టుకు ఊరే అడ్డం. ఊరు లేస్తేనే బొగ్గు లేస్తది. ఉద్యమకాలంల దీనికి జనం పెట్టిన పేరు 'బొందలగడ్డ'. అప్పుడు ఆ పేరు వేదికల మీద అన్నోళ్ళు, రాష్ట్రం వచ్చినంక ఆ మాట మరిచిపోయిండ్రు. కొత్త ఓపెన్ కాస్టులకు సంతకాలు మాత్రం ఆగలేదు.

రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఇప్పుడది 2,600 మెగావాట్లు. పక్కనే తెలంగాణ పవర్ ప్లాంట్ పేరుతో ఇంకో 1,600. గోదావరి అవుతల జైపూర్‌లో సింగరేణి వాళ్ళది 1,200. మొత్తం 5,400 మెగావాట్లు, ఒకదానికొకటి కూతవేటు దూరంలనే అన్నట్టు. పాత ప్లాంటు కరెంటు హైదరాబాదుకే కాదు, బెంగుళూరు, చెన్నై దాకా పోతది. మన బొగ్గుల మూడో వంతు దాకా బూడిదే. మూడు టన్నులు కాలిస్తే ఒక టన్ను దగ్గర దగ్గర ఇక్కడనే మిగుల్తది. కరెంటు తీగల మీద పోతది, బూడిద కుందనపల్లి చెరువుల పడ్తది. ఎండకాలం గాలి దుమారం లేస్తే ఆ బూడిద ఇండ్లల్లకు, గిన్నెలల్లకు, ఊపిరితిత్తులల్లకు వస్తది. రామగుండం ఎండలు రాష్ట్రమంత వార్త. ఆ ఎండలనే బూడిద పీల్చుకుంట బతకడం మాత్రం వార్త కాదు.

ఇసుక, గుట్టలు

మానేరు ఇసుక గురించి పట్నంలో ఎవరినన్న అడిగితే రేటు చెప్తరు. మానేరు ఒడ్డున అడిగితే చెలిమె గురించి చెప్తరు. ఇసుకల చేతితోటి గుంత తవ్వితే తేటనీళ్ళు ఊరేటివి. ఇసుక అంటే నది దాచుకున్న నీళ్ళ మూట. ఇసుక లేని నది వానొస్తే గంటల్ల వట్టిగ పారిపోతది, వాన పోతే బండలు తేల్తది. ఒడ్డున ఉన్న బాయిలు, బోర్లు దాని ఎంబడే ఎండుతయి. ఇంత సాదా సంగతి ఇంజనీర్లకు తెల్వక కాదు. చెక్‌డ్యాముల 'పూడికతీత' పేరు మీద ఇసుక తవ్వకానికి దారి ఇచ్చి, పూడిక అంటే ఇసుకే అని కొత్త అర్థం రాసిండ్రు. మానేరు ఊళ్ళోళ్ళు హరిత ట్రిబ్యునల్ దాకా పోయి కొట్లాడాల్సి వచ్చింది.

2017 జులైలో సిరిసిల్ల దిక్కు ఏం జరిగిందో మరిచిపోవద్దు. ఇసుక లారీ తగిలి ఒక మనిషి చచ్చిపోయిండు. అంతకు ముందు నుంచే ఆ లారీలతోటి యాష్టపడ్డ జనం కడుపుమండి లారీలు తగలబెట్టిండ్రు. ఆ తర్వాత నేరెళ్ళ, చుట్టుపక్కల ఊళ్ళ మనుషులను పట్టుకపోయిండ్రు. వాళ్ళల్ల ఎక్కువమంది దళితులు. కస్టడీల చిత్రహింసలు పెట్టిండ్రని ఆరోపణలు వచ్చినయి. కేసు హైకోర్టుకు పోయింది, దేశమంత మాట్లాడింది. ఆ దినాలల్ల పట్నంలో ఒక్క కాంక్రీటు మిల్లరు కూడా ఆగలేదు. ఇసుకకు కులం లేదు. ఇసుక లారీ కింద పడ్డోనికి మాత్రం ఉన్నది.

ఇగ గుట్టలు. కరీంనగర్ గ్రానైటుకు ప్రపంచ మార్కెట్ల 'టాన్ బ్రౌన్' అని పేరు. మన ఊరి గుట్టకు అక్కడ మన పేరు కూడా లేదు. క్వారీల కోసిన దిమ్మెలు గూడ్సు బండ్లల్ల కాకినాడ రేవుకు పోయి, అక్కడి నుంచి ఓడలల్ల చైనాకు పోతయి. పలకలై, పాలిష్ అయి, ఎవరి వంటింటి గట్టో అయితయి. సీనరేజీ ఎగ్గొట్టిన కేసులు, దర్యాప్తులు అప్పుడప్పుడు పేపర్లకెక్కుతయి. కానీ నా అభ్యంతరం ఎగ్గొట్టిన సీనరేజీ గురించే కాదు. పైసతో సహా కట్టినా గుట్ట మళ్ళ మొలుస్తదా?

సాహిత్యం చదివేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలె. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో చెక్కించిన శాసనం ఉన్నది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలల్ల ఉన్నది. అందులో తెలుగు కంద పద్యాలు ఉన్నయి, నన్నయకు ముందటివి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు మనం గర్వంగ చూపెట్టుకున్న సాక్ష్యాలల్ల అదొకటి. అదే గంగాధర స్టేషన్‌ల గ్రానైట్ దిమ్మెలు గూడ్సు ఎక్కినయి. బొమ్మలగుట్టను కూడా క్వారీకి ఇయ్యొద్దని ఊరోళ్ళు, చరిత్రకారులు మొత్తుకోవాల్సి వచ్చింది. వెయ్యేండ్ల కింద పద్యం రాసుకోవడానికి గుట్ట కావాల్సి వచ్చింది. ఇప్పుడు మనకు పద్యం మీద సభ పెట్టే హాలుకు నున్నటి ఫ్లోరింగు కావాల్సి వస్తున్నది.

కాగితం, పులి, మనిషి

మనం రాసే కాగితం సంగతి కూడా చెప్పుకోవాలె. కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది సిర్పూర్ పేపర్ మిల్లు వల్లనే. 1938లో పుట్టిన ఆ మిల్లుకు దశాబ్దాల పాటు ఆదిలాబాద్ అడవుల వెదురు పోయింది. బుట్టలల్లే మేదరి, వెదురు తెచ్చుకుంటే ఫారెస్టోళ్ళ చేతుల దొంగ. మిల్లుకు అదే వెదురు లారీలల్ల పోతే పరిశ్రమ. కాజీపేట–బల్హార్షా రైలు లైను పడ్డంక ఆదిలాబాద్ టేకు దూరదేశాల దూలాలైంది. అయినా అడవిని పాడుచేసింది ఎవరంటే పోడు కొట్టుకున్న గోండు, కొలాం అని బడి పుస్తకాల నుంచి అధికారుల నివేదికల దాకా ఒకటే పాట. 1940లో జోడేఘాట్‌ల కొమురం భీము ప్రాణమిచ్చింది ఈ పాట మీదనే. అడవి ఎవరిది, దాని లెక్క ఎవరు రాస్తరు అన్నదే ఆయన అడిగింది.

ఇప్పుడు పట్నానికి అడవి నుంచి కొత్త సరుకు కావాలె. అదే పులి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. తాడోబా నుంచి పులులు వస్తయి, వాటికి దారి కావాలె. ఒప్పుకుంట. పులి బతకాలె. కానీ ఆ దారిల ఓపెన్ కాస్టులున్నయి, రైలు లైన్లున్నయి, హైవేలున్నయి. వాటిని జరపమని ఎవరు అడగరు. జరగమనేది మైసంపేట, రాంపూర్ లాంటి ఊళ్ళను. 2025 మే నెలల 49 నంబరు జీవోతోటి కుమ్రం భీం పేరు మీదనే కన్జర్వేషన్ రిజర్వు తెచ్చిండ్రు. ఆదివాసులు లేచి కొట్లాడితే జులైల దాన్ని పక్కన పెట్టిండ్రు. ఏ హక్కు కోసం భీము చచ్చిపోయిండో, ఆ హక్కుకు అడ్డం వచ్చే జీవోకు ఆయన పేరే పెట్టడానికి ఎంత ధైర్యం ఉండాలె!

మనుషుల సంగతి వేరే చెప్పాల్నా? సిరిసిల్ల సాంచాల నుంచి భీవండికి, జగిత్యాల నుంచి దుబాయికి, మస్కట్‌కు పోయిండ్రు. మా ఊళ్ళు తమ వయసుపిల్లలను కూడా ఎగుమతి చేసినయి. సాది, చదివించి, పెద్ద చేసిన ఖర్చు ఊరిది. పనిచేసే వయసు పట్నాలది. ముసలితనం, రోగం, పెట్టెల వచ్చే శవం మళ్ళ ఊరివే.

మేమేమన్న తక్కువ తిన్నమా?

ఇక్కడ ఒక మాట నిజాయితీగ ఒప్పుకోవాలె. ఇది హైదరాబాదు ఒక్కదాని గుణం కాదు. పెద్దపల్లి, సుల్తానాబాద్ దిక్కు ఇటుక బట్టీలల్ల పనిచేసేది ఒడిశా నుంచి అడ్వాన్సుల మీద కుటుంబాలతో సహా వచ్చే కూలీలు. వాళ్ళ చేతులను మన ఊళ్ళు తింటున్నయి. కరీంనగర్ పట్నం తన తాగునీళ్ళు లోయర్ మానేరు నుంచి తీసుకుంటది. తన చెత్తను ఏండ్ల తరబడి అదే మానేరు ఒడ్డున ఆటోనగర్ దగ్గర కుప్పపోసి పొగపెట్టింది. అదే నది మీద తీగల వంతెన కట్టి ఫోటోలు దిగింది. ప్రతి పట్నం తనకన్న చిన్నదాన్ని తింటది, పెద్దదాన్ని చూసి ఈర్ష్యపడ్తది. గోదావరి ఒడ్డున కోటిలింగాల, ఇటు ధూళికట్ట, పెద్దబంకూరు రెండు వేల ఏండ్ల కిందట్నే పట్నాలు. పట్నం మనకు కొత్త కాదు. కానీ ఆ పట్నాలు తిన్నది బండెడ్లు పోయి వచ్చేటంత దూరం నుంచి. విసర్జించింది ఆ చుట్టుపక్కల చేలల్లనే. మోటరు, గూడ్సు బండి, హైటెన్షన్ తీగ వచ్చినంక పట్నం నోరు ఒక దిక్కు, కడుపు ఇంకో దిక్కు అయినయి. తినేటోనికి వండినోని మొఖం కనపడకుండ పోయింది.

అందుకే "పట్నం దాహంతో చావాల్నా?" అని ఎదురడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే. ఎవరు దాహంతో చావొద్దు. నేను అడిగేది పైపు కోయమని కాదు, లెక్క రాయమని. ఏటా బడ్జెట్‌తో పాటు అసెంబ్లీల ఇంకో పద్దు పెట్టాలె. హైదరాబాదు ఏ జిల్లా నుంచి ఎన్ని టీఎంసీలు, ఎన్ని టన్నుల ఇసుక, ఎన్ని యూనిట్ల కరెంటు తీసుకున్నది? ఎంత మురుగు, ఎంత బూడిద, ఎన్ని గుంతలు ఎక్కడ మిగిల్చింది? ఈ లెక్కలన్నీ ఏదో ఒక ఆఫీసుల ముక్కలు ముక్కలుగ ఉన్నయి. ఒక్క దగ్గర కూర్చడానికే ఎవరికి మనసు లేదు.

నీళ్ళ కొలతల పల్లె మనిషికీ పట్నం మనిషికీ తేడా తీసెయ్యాలె. పైపులైను, జలాశయం పక్కన ఉన్న ఊరికి మొదటి హక్కు రాసియ్యాలె. కొత్త టీఎంసీ అడిగే ముందు పట్నం తన మురుగును శుద్ధి చేసి నిర్మాణాలకు, పరిశ్రమలకు తప్పనిసరిగ వాడుకోవాలె. 2015 నుంచి గనుల చట్టం కింద జిల్లాకో ఖనిజ నిధి ఉన్నది. రాయల్టీల పదో వంతు, పాత లీజులకైతే 30 శాతం, గనుల వల్ల నష్టపోయినోళ్ళ కోసం ఆ నిధిల జమ కావాలె. ఆ నిధి ఖర్చు దుమ్ము పీల్చే ఊళ్ళ గ్రామసభ చేతుల ఉండాలె, నాయకుల శిలాఫలకాలకు కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాలల్ల గ్రామసభ మాట వినాలని 1996 పెసా చట్టం చెప్పింది. ఆదివాసుల నేలల ప్రైవేటు గనులకు లీజులు చెల్లవని 1997ల సమత తీర్పు చెప్పింది. ఇవన్నీ ఉన్న చట్టాలే. కొత్తగ కనిపెట్టాల్సింది ఏం లేదు.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యొద్దని మన పెద్దలు నేర్పిండ్రు. పట్నంలో ఉంటున్న మనం ద్రోహం చేస్తున్నమో లేదో తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఎవరి ఉప్పు తింటున్నమో ఒప్పుకుందాం. వచ్చేసారి ఎవరన్న "రాష్ట్రాన్ని సాకుతున్నది హైదరాబాదే" అంటే, వాళ్ళ ఇంట్ల నల్లా తిప్పి, స్విచ్చేసి, వంటింటి గట్టు మీద చెయ్యి పెట్టి, ఇవి ఎక్కడివి అని అడగండి. జవాబుల మా ఊళ్ళ పేర్లు వచ్చేదాకా అడుగుతనే ఉండండి.